అరవై రెండో ప్యాకెట్

జూన్ 3

చెల్లీ,

ఇక్కడ నేను, మీ వదిన, గింజలు వేయించే మిషను, ముగ్గురమూ బాగానే ఉన్నాం. అక్కడ మీరిద్దరూ అలాగే ఉన్నారనుకుని మొదలుపెడుతున్నాను.

ఈ ఉత్తరంతో పాటు అరవై ఒకటో ప్యాకెట్ వస్తుంది. అర కిలో కాఫీ. పైన తేదీ, వేయించిన నిమిషాలు రాశాను. ఎప్పటిలాగే వారం ఆగి తెరువు, రెండు కప్పులు తాగు, ఉన్నదున్నట్టు రాసి పంపు. మొన్న ఫోన్లో "పోయిన నెలది బాగుందిలే అన్నయ్యా" అన్నావు. ఫోన్లో చెప్పింది నాకు లెక్కలోకి రాదని నీకు తెలుసు. "వేయించినవాడి ముక్కు తన గింజనే మెచ్చుకుంటుంది, బయటివాళ్ల నోరు కావాలి" అని నాన్న నీకు పన్నెండో ఏట ఇచ్చిన ఉద్యోగం ఇది. జీతం లేదు, సెలవూ లేదు. కాఫీ వేయించే షెడ్డు నా చేతికి వచ్చాక నువ్వు రాసిన రిపోర్టులన్నీ నాన్న బిస్కెట్ డబ్బాలోనే దాచాను, నంబర్ల వరసన.

ఏప్రిల్లో పట్టుకున్న జ్వరం, జలుబు మే సగం దాకా వదల్లేదు కదా. ఇప్పుడు నిక్షేపంగా ఉన్నాను. మీ వదిన మాత్రం నమ్మదు. మొన్న పొయ్యి మీద పాలు మాడి గిన్నె బొగ్గయింది. నేను పక్కనే కుర్చీలో ఉన్నాను. "ఇల్లంతా కంపు కొడుతుంటే నీకు తెలియలేదా" అని ఒకటే సాధింపు. పేపరు చదువుకునేవాడికి పాలతో ఏం పని చెప్పు.

బేకరీ ఆవిడ వచ్చే ఏడాది కూడా మన కాఫీయే అని మాటిచ్చింది. ఆవిడ మూడు దుకాణాలూ కలిపితే నా పనిలో సగం. అందుకని ఈసారి రిపోర్టు కాస్త వివరంగా రాయి. పేజీ నిండా రాసినా విసుక్కోకుండా చదువుతాను.

అన్నయ్య


జూన్ 14

అన్నయ్యకి,

ముందు నీ రిపోర్టు. అరవై ఒకటి: వాసన నిండుగా ఉంది, మొదటి గుక్క మెత్తగా దిగింది, చివర నాలుక పక్కన కాస్త పులుపు తగిలింది. చల్లారాక ఆ పులుపే బాగుందనిపించింది. ఏమీ మార్చకు.

ఇక అసలు సంగతి. నిలబడి చదువుతున్నావేమో, కూర్చో.

రెండు నెలలుగా నా చేతులు వణుకుతున్నాయి. పెద్ద వణుకు కాదు. గ్లాసు పట్టుకుంటే ఎవరికీ తెలియదు. కానీ నాది గడియారాలు బాగుచేసే చెయ్యి. ఒక ముసలావిడ చేతి గడియారం విప్పి కూర్చుంటే ట్వీజర్ కొసనున్న మర మూడుసార్లు ఎగిరిపడింది. మూడోసారి దొరకలేదు. నేనూ మా యజమానీ నేల మీద పాకుతూ వెతికాం. ఆయన మంచివాడు, తిట్టలేదు. మర్నాడు పొద్దున నా బల్ల మీద చేతి గడియారాల ట్రే తీసేసి గోడ గడియారాలు పెట్టాడు. "చెయ్యి కుదురుకున్నాక చూద్దాం" అన్నాడు. పంతొమ్మిదేళ్లు ఆ ట్రే నాది, అన్నయ్యా. బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను.

డాక్టరమ్మ రక్తం, నరాలు అన్నీ చూసి, "రోజుకి ఎన్ని కాఫీలమ్మా" అంది. అయిదు అన్నాను. మీ బావ పక్కనుంచి "ఎనిమిది" అన్నాడు. ఆవిడ కలం కింద పెట్టింది.

అలా కాఫీ మానేశాను. దాని బదులు మాచా తాగుతున్నాను. నీడన పెంచిన టీ ఆకుని పిండిలా విసిరిన పచ్చటి పొడి. అందులోనూ కెఫీన్ ఉంటుందట, కానీ రోజుకి ఒక చిన్న కప్పు చాలు. పొడి జల్లించాలి, నీళ్లు మరగకుండా దించాలి, చిన్న వెదురు కవ్వంతో గబగబా గిలక్కొట్టాలి. నురగ వస్తుంది. మొదటి రోజు తడిగడ్డి నమిలినట్టుంది. నాలుగు రోజులు తలనొప్పితో మీ బావని కాల్చుకు తిన్నాను. ఇప్పుడు ఫరవాలేదు, పొద్దున లేవగానే కవ్వం కోసం చెయ్యి తనంతట తనే వెళ్తోంది.

కంగారుపడకు. నీ ప్యాకెట్ మానలేదు. ఆదివారం ఒక్క కప్పు, కేవలం రిపోర్టు కోసం.

నీ చెల్లి


జూన్ 27

చెల్లీ,

మన ఇంట పుట్టి కాఫీ మానేసినదానివి నువ్వే మొదలు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. "పాపం, ఆ పిల్ల చేతులు" అంది. నాకు ముందు గడ్డి గుర్తొచ్చింది, తరవాతే చేతులు. కోపం వచ్చిందని దాచుకోను. చేతులు కుదురుకుంటే ఆ పాచినీళ్లు తాగు, ఎవరొద్దన్నారు. కుదురుకోకపోతే మాత్రం నాకు చెప్పు, ఇంకో డాక్టరుని చూద్దాం. ట్రే సంగతి చదివి రెండు రోజులు మనసు బాగాలేదు.

ఆదివారం కప్పు మాత్రం మానకు. ఇది బతిమాలుతున్నాననుకో.

అరవై రెండు పంపుతున్నాను. ఇది కొత్త గింజ. పాతాయన తోట అమ్మేశాడు, ఇది వేరే చోటిది. చిన్నది, బాగా ఎండినది. దీని స్వభావం నాకింకా పట్టుబడలేదు. పదకొండున్నర నిమిషాలకి దించాను. ఒక మాట చెబుతాను, తప్పుగా అనుకోకు. ఈమధ్య నీ రిపోర్టుల్లో "ఏమీ మార్చకు" అనే ముక్క ఎక్కువైంది. ముఖస్తుతి నాకెందుకు? కొత్త గింజ మొదటిసారే సరిగ్గా కుదిరిందంటే నేను నమ్మను. తప్పెక్కడుందో చెప్పు. పచ్చిగా ఉందా, మాడిందా, అది చెప్పు చాలు. నువ్వేం చెబితే అది చేస్తాను.

అన్నయ్య


జూలై 9

అన్నయ్యకి,

అరవై రెండు: కాస్త పచ్చిగా అనిపించింది. లోపల ఇంకా గింజ వాసన ఉంది, రుచి పూర్తిగా విచ్చుకోలేదు. ఇంకో అర నిమిషం ఉంచి చూడు.

తప్పు చెప్పమన్నావు, చెప్పాను. మళ్లీ అలగకు.

ఇక్కడి కబుర్లు. చేతులు చాలా నయం. తెల్లకాగితం మీద గీత గీసి రోజూ మా యజమానికి చూపిస్తున్నాను. మొదటి వారం గీత చీమ నడిచినట్టుంది, ఇప్పుడు సాఫీగా వస్తోంది. ఆయన నిన్న ఒక పాత చేతి గడియారం తెచ్చి, "ఇది అమ్మేది కాదు, దీని మీద చెయ్యి తిప్పుకో" అన్నాడు. విప్పి మళ్లీ బిగించాను. ఒక్క మర కూడా ఎగరలేదు.

మీ బావ కూడా మాచా పట్టాడు. నా కోసమే అంటాడు. అందులో మూడు చెంచాల చక్కెర వేసుకుని, తాగుతున్నంతసేపూ కళ్లు మూసుకుంటాడు. ఆరోగ్యం ఎలా వస్తుందో మరి.

వదిన మాట విని నువ్వు కూడా ఒకసారి డాక్టరుకి చూపించుకో. అంత జ్వరం తరవాత ఊరికే వదిలేయకూడదు.

నీ చెల్లి


జూలై 30

చెల్లీ,

చూశావా, ఇదీ రిపోర్టంటే! ఆ పచ్చి సంగతి రాశాక నాకు కొండంత ధైర్యం వచ్చింది. వెంటనే పన్నెండు నిమిషాలు చేశాను. బేకరీకి ఈ నెల సరుకంతా అలాగే వేయించి పంపాను. అదే లెక్కలో అరవై మూడు నీకు వస్తోంది. ఇది సరిపోయిందా, ఇంకా ఉంచాలా, రాయి.

షెడ్డులో పొగ ఎక్కువైందని మీ వదిన గొణుగుతోంది. కాఫీ వేయించే చోట పొగ రాక పన్నీరు కురుస్తుందా? ఆవిడకి ఏదీ పట్టదు. కూరలో ఉప్పు వేసిందో లేదో అడిగినా కోపమే.

డాక్టరుకి చూపించుకోవాల్సిందేమీ లేదు. బాగా తింటున్నాను, బాగా నిద్రపోతున్నాను.

నీ గీతల కాగితం ఒకటి నాకూ పంపు. సాఫీగా వచ్చినది.

అన్నయ్య


ఆగస్టు 11

అన్నయ్యకి,

గీత పంపుతున్నాను. స్కేలు పెట్టి గీసిందని అనకు, పక్కన మీ బావ సాక్షి సంతకం కూడా పెట్టాడు.

అరవై మూడు: ఇప్పుడు విచ్చుకుంది. చిక్కగా, నోటికి నిండుగా ఉంది. ఇంకాస్త ముదురు చేసినా ఈ గింజ తట్టుకుంటుందనుకుంటాను.

ఇంకో సంగతి. సోమవారం పొద్దున షాపుకి వెళ్లేసరికి నా బల్ల మీద చేతి గడియారాల ట్రే ఉంది. మా యజమాని ఏమీ జరగనట్టు వెనక్కి తిరిగి తాళంచెవులు సర్దుకుంటున్నాడు. నేనూ ఏమీ జరగనట్టు కూర్చున్నాను. పదకొండింటికి కవ్వం తీసి మాచా కలుపుకుంటుంటే, "నాక్కూడా కొంచెం పొయ్యండి" అన్నాడు. ఒక గుక్క తాగి గ్లాసు అక్కడే వదిలేశాడు.

ఎంత సంతోషంగా ఉందో రాయడం చేతకావడం లేదు.

నీ చెల్లి


సెప్టెంబరు 2

చెల్లీ,

బేకరీ ఆవిడ సరుకు వెనక్కి పంపింది. జూలైది ఎలాగో అమ్ముకుంది, ఆగస్టుదంతా పంపేసింది. తొమ్మిది బస్తాలు షెడ్డు గుమ్మంలో దింపి, "మాడిన కాఫీ అమ్మితే మా రొట్టెలు కూడా ఎవరూ కొనరు" అని అందరి ముందూ అని వెళ్లింది. వచ్చే ఏడాది మాట కూడా వెనక్కి తీసుకుంది. ఆవిడ పోతే ఈ షెడ్డు నడవదు. అది నీకూ తెలుసు.

పదకొండున్నరకి దించినదాన్ని పచ్చి అన్నావు. పన్నెండు చేశాను. తట్టుకుంటుంది అన్నావు. పన్నెండున్నర చేశాను. గింజ నల్లబడి నూనె కక్కుతోంది. కళ్లారా చూశాను. చూసి కూడా, నా కళ్ల కన్నా నీ నాలుకే నయమనుకుని ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు ఆ నాలుక తప్పు చెప్పలేదు. నాన్న దాని మీదే ఈ వ్యాపారం నిలబెట్టాడు.

నాకు అర్థమైంది ఒక్కటే. ఆ పచ్చ నీళ్లు తాగీ తాగీ నీ నోరు మొద్దుబారింది. ఆరోగ్యం ఆరోగ్యం అని ఉన్నది పోగొట్టుకున్నావు. పోతే పోయింది, నాకొక ముక్క రాయొచ్చు కదా, "అన్నయ్యా, నాకు రుచి తెలియడం లేదు" అని.

ప్యాకెట్ పంపడం లేదు. రిపోర్టు అవసరం లేదు.

అన్నయ్య


సెప్టెంబరు 6

అన్నయ్యా,

మాచా తప్పేమీ లేదు. నా నాలుకకీ ఏమీ కాలేదు. అసలు దాని మీద నీ కాఫీ పడలేదు, అంతే.

అంతా రాస్తాను. మధ్యలో చింపేయకుండా చదువు.

అరవై ఒకటి ఒక్కటే నిజంగా తాగాను. ఆ ఆదివారం ఒకే కప్పు తాగాను. సోమవారం షాపులో మళ్లీ చెయ్యి వణికింది. ఒక్క కప్పుకే వణికిందో, వణుకుతుందన్న భయంతోనే వణికిందో నాకు తెలియదు. కానీ ఆ ట్రే మళ్లీ రాదేమోనని హడలిపోయాను. అరవై రెండు వచ్చేసరికి దాన్ని తెరిచే ధైర్యం లేకపోయింది. బీరువాలో చీరల వెనక పెట్టాను.

తాగలేదని నీకు రాద్దామనుకున్నాను. "ఆదివారం కప్పు మానకు, బతిమాలుతున్నాననుకో" అని నువ్వు రాశావు. నువ్వు ఎవరినీ బతిమాలవు. అది చదివాక చెప్పలేకపోయాను. బాగుందని రాద్దామంటే ముఖస్తుతి నమ్మనన్నావు. తప్పు కావాలన్నావు. నా పాత నోటుబుక్కులో నలభై నాలుగో రిపోర్టు తీసి అరవై రెండుకి దింపేశాను. అరవై మూడుకి సొంతంగా అల్లాను. చిన్న తప్పులే కదా, అర నిమిషంలో ఏముంది, ఎటూ నీ ముక్కు నీకుంది అనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చాక రెండు ప్యాకెట్లూ తెరిచాను. వణికితే వణికిందని రెండూ కాచుకుని తాగాను. అరవై రెండు బంగారంలా ఉంది, అన్నయ్యా. మొదటిసారే సరిగ్గా కుదిరింది. అరవై మూడు మాడింది. తెరవగానే మీ బావ పక్క గదిలోంచి "ఏం కాలుతోంది" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. బేకరీ ఆవిడకి నేనే ఉత్తరం రాస్తాను, తప్పు నాదని. చిరునామా పంపు.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. నువ్వు వీధి చివర నిలబడి, షెడ్డులో ఎవరో పది సెకన్లు ఆలస్యం చేశారని పసిగట్టేవాడివి. మీ బావకి పక్క గదిలోకి వచ్చిన మాడు వాసన, గింజలు వేగే డ్రమ్ము ముందు నిలబడ్డ నీకెందుకు రాలేదు?

నన్ను క్షమించమని అడగను. జవాబు మాత్రం రాయి.

నీ చెల్లి


సెప్టెంబరు 24

చెల్లీ,

నీ ఉత్తరంలో చివరి ప్రశ్నకి జవాబు రాయడానికి పదిహేను రోజులు పట్టింది.

నాకు వాసన రాదు. ఏప్రిల్ జ్వరంతో పోయింది, మళ్లీ రాలేదు. కాఫీ లేదు, పొగ లేదు, మాడిన పాలు లేవు. నోట్లో ఉప్పు, పులుపు, చేదు, తీపి తెలుస్తాయి, అంతకు మించి ఏమీ లేదు. అన్నం తింటున్నానో అట్ట ముక్క నములుతున్నానో చూసుకుని తెలుసుకోవాలి. జలుబు తగ్గితే అదే వస్తుందనుకున్నాను. జూన్ నాటికి భయం పట్టుకుంది. గింజలు వేయించేవాడికి ముక్కు పోయిందంటే ఎవరు కొంటారు? మీ వదినకి కూడా చెప్పలేదు. పాలు మాడిన రోజే ఆవిడకి అనుమానం వచ్చిందట, నేనే చెబుతానని ఇన్నాళ్లూ ఎదురు చూసిందట. నీ ఉత్తరం వచ్చిన రోజు గుమ్మంలో కూర్చుని చెప్పాను. "నాకు తెలుసులే" అని లోపలికి వెళ్లి గిన్నెలు కడుక్కుంది. కళ్లు తుడుచుకుంటోందని వెనకనుంచి తెలిసింది.

డ్రమ్ములో గింజ చిటపటలాడటం చెవికి వినిపిస్తుంది కదా. దాని తరవాత గడియారం చూసి దించుతూ వచ్చాను. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి నాకున్నది నువ్వొక్కదానివే. అందుకే పేజీ నిండా రాయమన్నాను. అందుకే బతిమాలాను. నాకు ముక్కు లేదు, చూసి పెట్టు అని ఒక్క ముక్క రాసి ఉంటే నువ్వు ఆ ప్యాకెట్ తెరిచేదానివి. తెరవలేనని నువ్వు ఒక్క ముక్క రాసినా నేను ఇంకో దారి వెతుక్కునేవాణ్ని. నీ నోటిని మొద్దుబారిందని తిట్టాను. మొద్దుబారింది నాది. దొందూ దొందే.

బిస్కెట్ డబ్బా తీసి చూశాను. నలభై నాలుగు, అరవై రెండు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయి. మీ వదినా నేనూ నవ్వుకున్నాం. ఏప్రిల్ తరవాత ఈ ఇంట్లో నవ్వు వినిపించడం అదే మొదలు.

బేకరీ ఆవిడకి నువ్వు రాయొద్దు, నేనే వెళ్లి ఉన్నదంతా చెబుతాను. షెడ్డు మూసేద్దామా అని మీ వదినని అడిగాను. "మీ చెల్లెల్ని అడుగు" అంది. నిన్ను అడుగుతున్నాను.

అన్నయ్య


సెప్టెంబరు 29

అన్నయ్యా,

మూయొద్దు. మూస్తే నీతో మాట్లాడను.

ఇద్దరం ఒక సంగతి మరిచిపోయాం. నాన్న రోజుకి ముప్పై కప్పులు రుచి చూసేవాడు, గుర్తుందా? చెంచాతో సర్రున పీల్చేవాడు, నోరంతా తిప్పేవాడు, పక్కన బకెట్లోకి ఉమ్మేసేవాడు. చుక్క మింగేవాడు కాదు. అమ్మ ఆ చప్పుడుకి అసహ్యించుకుని తలుపేసుకునేది. నాకేమో కాఫీ అంటే ప్రాణం, పన్నెండో ఏట నుంచీ ప్రతిదీ మింగాను. రుచి చూడటమంటే తాగడమేననుకున్నాను. ఉద్యోగమిచ్చినాయన ఎలా చేసేవాడో చూసి కూడా నేర్చుకోలేదు.

నిన్న అరవై రెండులో మిగిలినదాన్ని అలాగే చూశాను. పీల్చడం, తిప్పడం, సింకులో ఉమ్మడం. ఆరు చెంచాలు. మీ బావ ఇల్లు వదిలి పోతానన్నాడు. ఇవాళ షాపులో పొద్దుటి నుంచి ట్వీజర్ పట్టుకున్నాను, చెయ్యి రాయిలా ఉంది.

కాబట్టి అరవై నాలుగు పంపు. ఒక్కటి కాదు, పదకొండుకి, పదకొండుంబావుకి, పదకొండున్నరకి మూడు చిన్న పొట్లాలు చెయ్యి. వారం ఆగక్కర్లేదు, అందిన మర్నాడే జవాబు వేస్తాను.

నీ ముక్కు గురించి డాక్టరమ్మని అడిగాను. రోజూ పొద్దునా సాయంత్రం అవే నాలుగు వాసనలు, తెలిసినా తెలియకపోయినా, ఒక్కోటీ కాసేపు ఓపిగ్గా పీల్చాలట. వస్తుందని హామీ లేదు, కొందరికి నెలలు పట్టి వచ్చిందట. కాఫీపొడి, నిమ్మతొక్క, లవంగం నీ ఇంట్లో ఉంటాయి. నాలుగోది నేను పంపుతున్నాను, నా మాచాలో సగం, ఒక కవ్వం. తిట్టుకుంటూనే పీల్చు.

నీ చెల్లి


అక్టోబరు 19

చెల్లీ,

నీ మూడు రిపోర్టులూ అందాయి. పదకొండుంబావుకి ఖాయం చేశాను. బేకరీ ఆవిడ దగ్గరికి వెళ్లి, ముక్కు పోయిన దగ్గర్నుంచి సింకులో ఉమ్మడం దాకా అంతా చెప్పాను. ఒక దుకాణానికి మాత్రం రెండు బస్తాలు తీసుకుంది. "మీ చెల్లెలు సంతకం పెట్టిన కాగితం బస్తాతో పాటు రావాలి" అంది. కాబట్టి నీకు ఇప్పుడు ఇద్దరు యజమానులు.

నాలుగు సీసాలూ వరసగా పెట్టుకుని రోజూ రెండు పూటలా పీలుస్తున్నాను. ఏమీ లేదు. నీ మాచా కలుపుకుని కూడా చూశాను. రంగు కనిపిస్తోంది, నురగ కనిపిస్తోంది, నోటికి చేదు తెలుస్తోంది. బాగుందని రాయమంటే రాయలేను.

అన్నయ్య


నవంబరు 8

అన్నయ్యా,

రాయొద్దు. రాస్తే నేను నమ్మను కూడా. "ఇవాళ కాస్త వాసన తగిలింది చెల్లీ" అని నా సంతోషం కోసం రాస్తావేమోనని రోజూ భయంగానే ఉంది. మన ఇద్దరి చరిత్ర అలాంటిది.

అరవై అయిదు: మధ్యలో ఖాళీగా ఉంది, బొత్తిగా బాగాలేదు. డ్రమ్ము నిండా పోశావేమో చూసుకో. బేకరీ ఆవిడకి కూడా ఇదే రాసి సంతకం పెట్టాను. తిట్టుకో.

మాచా అయిపోవచ్చిందని వదిన ఫోన్లో చెప్పింది. నా దగ్గరున్న డబ్బా పంపుతున్నాను.

నీ చెల్లి


డిసెంబరు 1

చెల్లీ,

అరవై అయిదు గురించి నువ్వన్నది నిజమే, ఎక్కువ పోశాను. ఆ బస్తాలు నేనే ఆపేశాను. అరవై ఆరు వస్తోంది, చూడు. బేకరీ ఆవిడ రెండో దుకాణానికి కూడా అడిగింది.

నువ్వు పంపిన కొత్త డబ్బా బాగాలేదు. పొద్దున మూత తీసి ఎప్పటిలా పీల్చాను. పెట్రోలు కంపు. ముందు షెడ్డులో ఏదో కారిందనుకున్నాను. బయటికి తీసుకెళ్లి చూశాను. మీ వదినకి ఇచ్చాను, ఆవిడ "అవును, కొంచెం" అంది. మళ్లీ నేను పీల్చాను. కాఫీ సీసా తీశాను, ఏమీ లేదు. నిమ్మ లేదు, లవంగం లేదు. మళ్లీ నీ డబ్బా తీస్తే మళ్లీ పెట్రోలే.

పొడిని ఎక్కడ పెట్టావే నువ్వు?

అన్నయ్య


డిసెంబరు 5

అన్నయ్యా,

షాపులో, నా బల్ల డ్రాయర్లో. గడియారాల చక్రాలు కడుక్కునే పెట్రోలు సీసా పక్కన, మూత సరిగ్గా పడకుండా, మూడు వారాలు. ఈ సంగతి నీకు రాయలేదు. మీ బావకి కూడా తెలియదు.

ఉత్తరం బల్ల దగ్గరే చదివాను. కంటికి తగిలించుకున్న భూతద్దం తీసేయాల్సి వచ్చింది, తడికి ఏమీ కనబడలేదు. మా యజమాని వచ్చి "చెయ్యి మళ్లీ వణుకుతోందా" అని అడిగాడు. వణుకుతోంది, కానీ ఇది కాఫీది కాదని చెప్పాను.

ఆ డబ్బా పారేయకు, నిమ్మతొక్క పక్కనే పెట్టుకో. తాగడానికి వేరేది పంపుతున్నాను.

అరవై ఆరు: చివర కాస్త మాడింది. జాగ్రత్తగా ఉండు, ఇక నీ సాకులు చెల్లవు.

నీ చెల్లి